పక్కవాడి కయాక్ తిరగబడితే: మీ పడవ దిగకుండా అతన్ని మళ్లీ ఎక్కించడం ఎలా

ప్రతి వేసవిలో మన పేపర్లలో ఈ వార్త ఏదో ఒక ఊరి పేరుతో వస్తూనే ఉంటుంది. ఈతకు దిగిన కుర్రాడు మునిగిపోతుంటే కాపాడదామని దూకిన ఇంకొకడూ పోయాడని. చెరువు కావచ్చు, స్వర్ణముఖిలో ఇసుక తవ్విన గుంత కావచ్చు, కోనలో మడుగు కావచ్చు. దూకినవాడిది మంచి మనసే. కానీ నీళ్లలో భయపడిన మనిషి చేతికి ఏది అందితే దాన్ని గట్టిగా పట్టుకుని దాని మీదికి ఎక్కబోతాడు, అది ప్రాణస్నేహితుడి మెడ అయినా సరే. కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నడిపేవాళ్లకు ఈ విషయంలో ఒక పెద్ద వెసులుబాటు ఉంది, రక్షించేవాడి కింద అప్పటికే తేలే వస్తువు ఒకటి ఉంటుంది. దాన్ని వదిలి నీళ్లలోకి దూకితే ఆపదలో ఒకరికి బదులు ఇద్దరు, పైగా ఖాళీగా కొట్టుకుపోయే పడవలు రెండు. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఒకే నియమం మీద నడుస్తుంది: మీరు మీ పడవలోనే ఉండాలి, మిగతా పనంతా అక్కడి నుంచే.

ఈ మధ్య గాలి నింపే కయాకులు ఆన్‌లైన్లో కొని కారు డిక్కీలో వేసుకుని ఆదివారం పొద్దున్నే బయల్దేరే కుర్రాళ్లు, జంటలు మన తిరుపతి, చిత్తూరుల్లో కూడా కనబడుతున్నారు. చెన్నై వెళ్లినప్పుడు ముట్టుకాడులోనో కోవళంలోనో అద్దెకు తీసుకుని నడిపి, ఆ సరదాతో సొంతంగా మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. సంతోషమే. అయితే వీళ్లలో చాలామంది ముందుకు పోవడం, పక్కకు తిప్పడం నేర్చుకుని అక్కడితో ఆపేస్తారు. తిరగబడ్డాక లోతు నీళ్లలోంచి మళ్లీ ఎక్కడం, ఎక్కించడం అనేది విడిగా నేర్చుకోవాల్సిన పని, ఈత వచ్చినంత మాత్రాన అది రాదు. నమ్మకం లేకపోతే ఛాతీలోతు నీళ్లలో పాదాలు నేలకు ఆనకుండా ఒకసారి ఎక్కి చూడండి.

బయల్దేరే ముందు

లైఫ్ జాకెట్ గురించి అందరికీ తెలుసు కానీ, అది ఒంటికి సరిపోయిందా లేదా అని చూసేవాళ్లు తక్కువ. పట్టీలన్నీ బిగించాక పక్కవాడిని మీ రెండు భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగమనండి. అది గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే నీళ్లలో మొహానికి అడ్డం పడుతుంది, చేతులు ఆడవు, ఇంకా ముఖ్యంగా మిమ్మల్ని పడవలోకి లాగాల్సినవాడు భుజం పట్టీ పట్టుకుంటే జాకెట్ ఊడి వాడి చేతిలోకి వస్తుంది, మీరు నీళ్లలోనే ఉంటారు. జిప్పు వేసి పట్టీలు వదిలేసినా అంతే. ఉక్కగా ఉందని విప్పి వెనకాల కట్టి పెట్టుకుంటారే, అది మాత్రం వద్దు. తిరగబడ్డాక నీళ్లలో జాకెట్ తొడుక్కోవడం ఎంత కష్టమో ప్రాక్టీస్‌లో ఒకసారి ప్రయత్నిస్తే చాలు, మళ్లీ విప్పరు.

జాకెట్‌కు విజిల్ కట్టండి. ఫోన్ వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో పెట్టి ఒంటి మీదే ఉంచుకోండి, పడవ సంచిలో పెడితే పడవతోనే పోతుంది. నీళ్లు తోడడానికి చేతి పంపు లేకపోతే రెండు లీటర్ల బాటిల్ అడుగు కోసి తాడుతో కట్టుకోండి. నీళ్లలో తేలే తాడు ఒకటి, దాన్ని తెగ్గొయ్యడానికి చిన్న చాకు ఒకటి, ఈ రెండూ కలిసే ఉండాలి, తాడు ఉండి చాకు లేకపోవడం మంచిది కాదు. ఇంకొకటి, మన దగ్గర ఎవరూ పెట్టుకోనిది, నాలుగైదు మీటర్ల వెడల్పాటి నాడా పట్టీ. రెండు కొసలూ కలిపి ముడేస్తే పడవ పక్కన వేలాడదీసి కాలు పెట్టి ఎక్కే మెట్టు అవుతుంది. బరువైన మనిషిని బక్కపలచటి మనిషి ఎక్కించాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

పడిన మొదటి నిమిషంలో

పక్కన దబ్బుమని చప్పుడు వినబడి తిరిగి చూస్తే పడవ బోర్లా పడి ఉంది, తల ఒకటి పైకి వచ్చింది. ఈ క్షణంలో మీ గొంతే మీ మొదటి పనిముట్టు. గట్టిగా, కానీ అరుపులా కాకుండా, చిన్న చిన్న మాటలు. "రేయ్, పడవ పట్టుకో. వదలొద్దు. నా వైపు చూడు. దెబ్బ తగిలిందా?" భార్యాభర్తలైనా అదే, "ఏమండీ, పడవ వదలొద్దు, నేను వస్తున్నా." అతను తిరిగి ఏమంటాడో వినండి. సరిగ్గా బదులిచ్చాడంటే ఊపిరి ఆడుతోంది, తెలివి ఉంది, చెప్పింది చేయగలడు. బదులు రాకపోయినా, కళ్లు పెద్దవి చేసి నోరు తెరిచి మీ వైపు చూస్తూ మాట్లాడలేకపోతున్నా అది వేరే పరిస్థితి, దాని గురించి కింద చెప్తాను. నిజంగా మునిగిపోతున్న మనిషి సినిమాల్లోలాగా కేకలు వేయలేడు, ఊపిరికే టైం చాలదు. నిశ్శబ్దంగా ఉన్నాడు కాబట్టి బాగానే ఉన్నాడని అనుకోవద్దు.

ముందు మనిషి, తర్వాత పడవ, ఆఖరికి తెడ్డు, సంచి, చెప్పులు. ఈ వరస నోటికి వచ్చేయాలి. కొట్టుకుపోతున్న తెడ్డు వెనకాల పడితే ఈలోపు మనిషి దూరమవుతాడు. ఐదు వేల రూపాయల తెడ్డు అయినా పోనివ్వండి.

అతన్ని పడవ పట్టుకోమనడానికి కారణం ఉంది. గాలి నింపిన కయాక్ నీటి మీద కాగితంలా తేలుతుంది, కాస్త గాలి వీచినా మనిషి ఈదే వేగం కన్నా ముందే జారిపోతుంది. చెయ్యి వదిలితే మళ్లీ అందదు. పైగా దూరం నుంచి వెతికేవాళ్లకు తల కనబడదు, పడవ కనబడుతుంది.

స్ప్రే స్కర్ట్, అంటే నడుం చుట్టూ వేసుకుని, నీళ్లు లోపలికి రాకుండా కాక్‌పిట్ (కూర్చునే గుంత) అంచుకు బిగించే తొడుగు, ఉండే రకం పడవ అయితే తిరగబడినవాడు ముందుగా బయటికి రావాలి. ముందుకు వంగి, కాక్‌పిట్ ముందు అంచున ఉండే పట్టీని ముందుకు నెట్టి పైకి లాగాలి, తర్వాత రెండు చేతులూ నడుం పక్కన అంచుల మీద పెట్టి ప్యాంట్ విప్పినట్టు పడవను కాళ్ల నుంచి తోసేయాలి. ఆ పట్టీ లోపలికి మడత పడిపోకుండా బయట ఉందా అని మీరు గట్టున ఉండగానే ఒకరిది ఒకరు చూసుకోండి.

పైన కూర్చునే పడవ

మన వాళ్ల దగ్గర ఎక్కువగా ఉండేది ఈ రకమే, ప్లాస్టిక్‌ది కానీ గాలిది కానీ. దీనిలో నీళ్లు తోడే బాధ పెద్దగా ఉండదు, చాలావాటికి అడుగున కన్నాలు ఉంటాయి, తిప్పితే నీళ్లు అవే దిగిపోతాయి. బోర్లా పడిన పడవను తిప్పడానికి అతను దాని మీదుగా చెయ్యి చాచి అవతలి అంచు పట్టీ అందుకుని, మోకాళ్లు ఇవతలి అంచుకు ఆనించి వెనక్కి వాలాలి. ఒంటి బరువుతోనే తిరిగిపోతుంది, చేతుల బలంతో ఎత్తనక్కర్లేదు. అది మీ పడవ మీద పడకుండా మీరు కాస్త ఎడంగా ఉండండి.

తిరిగాక మీరు దాని పక్కకు చేరి, ఎదురుబొదురుగా, అంటే మీ పడవ ముక్కు (ముందు కొస) అతని పడవ తోక (వెనక కొస) వైపు ఉండేలా ఆనించండి. మీ తెడ్డు మీ ఒళ్లో అడ్డంగా పెట్టుకుని లేదా తాడుకు కట్టేసి, రెండు చేతులతో అతని పడవ అంచు పట్టుకుని దాని మీదికి వాలిపోండి. చాలామందికి ఇక్కడే భయం, వాలితే మన పడవ కూడా తిరగబడుతుందేమోనని. తిరగబడదు. రెండు పడవలు అలా కలిసి ఉన్నంతసేపూ అది పుష్కరిణిలో తెప్పలాగా కుదురుగా ఉంటుంది. నిటారుగా కూర్చుని చేతి వేళ్లతో మొహమాటంగా పట్టుకుంటేనే విడిపోయి ఇద్దరూ పడతారు. బరువు పూర్తిగా వేయండి.

ఇప్పుడు అతను తన పడవ అవతలి పక్కన, మీకు ఎదురుగా ఉన్నాడు. చేతులు పడవ మధ్యకు చాచి పట్టుకోవాలి. కాళ్లు పడవ కిందికి వేలాడుతుంటే ఎంత బలవంతుడైనా ఎక్కలేడు, కాళ్లు వెనక నీటి పైకి తేలేదాకా ఈత కొడుతున్నట్టు తన్నాలి. శరీరం అడ్డంగా తేలాక, తన్నుతూనే పడవను తన కిందికి లాక్కోవాలి. పైకి ఎగరడానికి ప్రయత్నించకూడదు, చేప నీళ్లలోంచి గట్టు మీదికి జారినట్టు అడ్డంగా జారాలి అనుకుంటే తేలిక. ముందు పొట్ట పడవ మీదికి, తర్వాత పక్కకు దొర్లి పిర్రలు సీటులోకి, ఆఖర్న కాళ్లు లోపలికి. పొట్ట, పిర్ర, కాళ్లు, ఈ వరస తప్పిస్తే మళ్లీ పడతాడు. పొట్ట మీద పడుకున్నాక కాస్త ఊపిరి తీసుకోమనండి, తొందరేం లేదు, పడవను మీరు పట్టుకునే ఉన్నారు.

మీరు చేయి కలపాల్సి వస్తే లైఫ్ జాకెట్ భుజం పట్టీ పట్టుకుని, అతను తన్నిన క్షణంలోనే లాగండి. "ఒకటి, రెండు, మూడు, తన్ను" అని లెక్క పెట్టి ఇద్దరూ ఒకేసారి చేస్తే యాభై కేజీల అమ్మాయి తొంభై కేజీల మనిషిని ఎక్కించగలదు. చెయ్యి పట్టుకుని లాగొద్దు, భుజం కీలు జారితే ఇంకో కష్టం. రెండు మూడుసార్లు ప్రయత్నించి అలసిపోతే నాలుగోసారికి బలం ఉండదు కాబట్టి, రెండోసారికే నాడా పట్టీ బయటికి తీయండి. దాన్ని మీ పడవకు వేసి, రెండు పడవల అడుగు నుంచో పై నుంచో అవతలికి అందించి, మోకాలి లోతులో వేలాడేలా పెడితే అతను అందులో కాలు పెట్టి ఒత్తి లేస్తాడు. పట్టీ ఎంత పొడుగు వదలాలో గట్టునే కొలిచి ముడేసి పెట్టుకోండి, నీళ్లలో కొలతలు కుదరవు.

లోపల కూర్చునే పడవ

ఇది బోర్లా పడితే లోపల బిందెల కొద్దీ నీళ్లు చేరతాయి. అలాగే తిప్పి ఎక్కిస్తే లోపలి నీళ్లు అటూ ఇటూ ఊగి మరుక్షణమే మళ్లీ తిరగబడుతుంది. అందుకే ముందు నీళ్లు వంచాలి. మీ పడవను దాని ముక్కుకు అడ్డంగా తీసుకురండి, రెండూ కలిసి 'టి' అక్షరంలా కనబడాలి. అతన్ని మీ పడవ ముందు భాగం పట్టుకోమనండి, లేదా తన పడవ తోక దగ్గర ఉండి కిందికి అదమమనండి, తోక కిందికి పోతే ముక్కు మీకు తేలిగ్గా లేస్తుంది. బోర్లా ఉన్న పడవ ముక్కును మీ ముందు డెక్ (పడవ పైకప్పు) మీదికి లాక్కుని ఎత్తండి. కాక్‌పిట్‌లోంచి నీళ్లు దడదడా పోయే చప్పుడు వినబడుతుంది, అది సన్నగిల్లే దాకా ఆగండి. తర్వాత అదే చోట పడవను తిప్పి, నీళ్లలోకి జారవిడిచి, చెయ్యి తీయకుండా పక్కకు లాగి ఎదురుబొదురుగా ఆనించుకోండి. పడవలో వెనక గది మూసేసి లేకపోతే, అంటే నీళ్లు తోక దాకా నిండే రకమైతే, ఎత్తడం చాలా బరువు. అలాంటప్పుడు నడుం పట్టేసుకునేదాకా పోరాడకుండా కొంచెం వంచి, మనిషి ఎక్కాక మిగతాది తోడుకోండి.

కాక్‌పిట్ ముందు అంచును రెండు చేతులతో పట్టుకుని వాలండి. అతను కాక్‌పిట్ వెనక, పడవ తోక వైపు మొహం పెట్టి, తన్ని వెనక డెక్ మీద బోర్లా పడుకుంటాడు. తల తోక వైపు, కాళ్లు కాక్‌పిట్‌లోకి. కాళ్లు లోపలికి పోయాక మీ వైపు మొహం తిరిగేలా దొర్లుతూ కూర్చోవాలి. అవతలి వైపు తిరిగితే బరువంతా మీ చేతుల్లోంచి బయటికి పోతుంది. "నా వైపే తిరుగు" అని ముందే చెప్పండి. కూర్చున్నాక నీళ్లు తోడుకోవాలి, స్ప్రే స్కర్ట్ ఉంటే బిగించుకోవాలి, తెడ్డు చేతికి రావాలి, ఊపిరి కుదుటపడాలి. ఇవన్నీ అయ్యేదాకా మీరు వదలొద్దు. "వదిలేయనా?" అని అడిగి, "వదిలేయ్" అని అతని నోటి నుంచి విన్నాకే చేతులు తీయండి.

భయంతో మీద పడేవాడు, లేవలేనివాడు

పైన అన్నానే, మాట వినే స్థితిలో లేని మనిషి. అతని దగ్గరికి నేరుగా పక్కగా వెళ్లొద్దు, మీ పడవ అంచు పట్టుకుని ఎక్కబోతాడు, మీరూ పడతారు. ఒక పడవ పొడుగంత దూరంలో ఆగి పేరు పెట్టి పిలవండి. పేరు వినబడితే మనిషి కాస్త ఈ లోకంలోకి వస్తాడు. తాడు విసిరి పట్టుకోమనండి, లేదా మీ పడవ ముక్కు మాత్రమే అందేలా తిప్పి పెట్టండి. ముక్కును కౌగిలించుకుని కాళ్లు పైకి చుట్టుకుని వేలాడితే మీరు అతని మొహం చూస్తూ మాట్లాడుతూ ఉండొచ్చు, పడవ కూడా ఒరగదు. అలాగే వెనక్కి తెడ్డేస్తూ నిదానంగా గట్టుకు చేరొచ్చు. కాస్త తెలివి ఉన్న మనిషి అయితే మీ వెనక డెక్ మీద బోర్లా పడుకుని, రెండు కాళ్లూ అటొకటి ఇటొకటి నీళ్లలో వేసి మీ నడుం దగ్గర పట్టుకుంటాడు. తల ఎత్తి కూర్చోవద్దనండి. గట్టు వంద, రెండొందల మీటర్లలో ఉంటే ఇదే మేలు, పడవ తర్వాత తెచ్చుకోవచ్చు.

చెయ్యి విరిగినవాడు, బాగా అలసిపోయి తన్నలేనివాడు, అతన్ని ఎక్కించాలంటే లోపల కూర్చునే పడవ అయితే ఇంకో దారి ఉంది. పడవను పక్కకు ఒరిగించి కాక్‌పిట్ నీటి మట్టానికి వచ్చేలా పట్టుకుంటే నీళ్లు లోపలికి వస్తాయి, రానివ్వండి. అతను వెనక్కి వాలి, తేలుతూ కాళ్లు లోపలికి దూర్చుకుంటాడు. నడుం లోపలికి పోయాక వెనక డెక్ మీద వెల్లకిలా పడుకోబెట్టి, మీరు జాకెట్ పట్టుకుని అవతలి అంచును అదుముతూ పడవను నిలబెట్టండి. పడవ నిండా నీళ్లుంటాయి, ఊగుతుంది. కాబట్టి మీరు దాన్ని పట్టుకునే ఉండాలి, మూడో మనిషి ఉంటే వాళ్లు తాడు కట్టి ఇద్దర్నీ లాగాలి. ఇద్దరే ఉంటే విజిల్ మూడుసార్లు ఊదుతూ సాయం కోసం చూడండి. లాగే తాడును నడుముకు ముడేసుకోవద్దు, ఒక్క లాగుకు ఊడిపోయే బకిల్ ఉంటేనే ఒంటికి తగిలించుకోండి.

మన నీళ్లు

2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు వచ్చాక సూళ్లూరుపేట, తడ మన తిరుపతి జిల్లాలో ఉన్నాయి, అందుకే పులికాట్ మాట ఎక్కువ. అది ఉప్పునీటి సరస్సు, ఎక్కువచోట్ల లోతు నడుం దాకా కూడా ఉండదు. ఇది చూసి తేలిగ్గా తీసుకుంటారు. లోతు తక్కువ నిజమే, అడుగున బురద ఉంది, అది పాదాన్ని పట్టుకుంటుంది. పడినవాడు నిలబడదామని ఒంటికాలి మీద బరువు వేస్తే మోకాలి దాకా దిగిపోతుంది, లాగే కొద్దీ ఇంకో కాలు దిగుతుంది. అక్కడ నిలబడొద్దు, పడవ మీద ఛాతీ ఆనించి కాళ్లు వెనక్కి తేల్చి, ఈత కొట్టినట్టు బయటికి లాక్కోవాలి. ముత్యపు చిప్పల జాతి గుల్లలు కొన్నిచోట్ల కత్తుల్లా కోస్తాయి, చెప్పులు కాదు, కాలికి బిగిసే బూట్లు వేసుకోండి. జాలరుల వలలు కర్రలకు కట్టి ఉంటాయి. కాలు వలలో చిక్కితే తన్నడం ఆపేయమనండి, తన్నితే ఇంకా చుట్టుకుంటుంది. మీరు పడవ ఆనించి అతనికి ఆధారం ఇవ్వండి, అతను వంగి విడిపించుకుంటాడు, కాకపోతే చాకు. వల కోయాల్సి వస్తే ఒడ్డుకు వచ్చాక వల మనిషిని వెతికి చెప్పి డబ్బులిచ్చి రండి, అది వాళ్ల బతుకు.

భీములవారిపాళెం రేవు దగ్గర పడవలవాళ్లను అడగండి, ఏ పక్క లోతో, ఏ పక్క బురదో, గాలి ఎప్పుడు లేస్తుందో వాళ్లకు తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు. పొద్దెక్కే కొద్దీ సముద్రం వైపు నుంచి గాలి పెరుగుతుంది. పొద్దున ఏడింటికి అద్దంలా ఉన్న నీరు మధ్యాహ్నానికి చిన్న చిన్న అలలతో నిండిపోతుంది, పైన చెప్పిన పద్ధతులన్నీ అలల్లో రెట్టింపు కష్టం. కాబట్టి పొద్దున దిగి పదకొండు లోపు గట్టెక్కండి. పులికాట్ పక్షుల అభయారణ్యం కూడా, సొంత పడవ దింపే ముందు అటవీ శాఖవాళ్లను అడగాలి. కల్యాణి డ్యామ్ లాంటివి తాగునీటి కోసం ఉన్నవి, అనుమతి లేకుండా అందులో పడవ వేయకండి.

పారే నీటి సంగతి వేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, అప్పుడే స్వర్ణముఖి, వాగులు పారతాయి, అప్పుడే కుర్రాళ్లకు పడవ వేయాలనిపిస్తుంది. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధుల్లో నీళ్లు ఎలా పరుగెత్తాయో చూసినవాళ్లకు వరద నీటి బలం గురించి చెప్పక్కర్లేదు. వరదలో కయాక్ వద్దు. మామూలు పారుదలలో పడినా, పడినవాడు వెల్లకిలా తేలుతూ కాళ్లు ముందుకు, పాదాలు నీటి పైకి పెట్టుకుని పోవాలి, నిలబడబోతే రాళ్ల మధ్య పాదం ఇరుక్కుని నీరు మీద నుంచి తోసేస్తుంది. పడవకు దిగువన, అంటే నీరు పారే వైపు, ఉండకూడదు, నీళ్లు నిండిన పడవ వచ్చి మనిషిని రాయికి అదుముతుంది. మీరు గట్టు మీద నుంచి తాడు విసరండి. ఆనకట్ట కింద నీరు తిరిగి ఆనకట్ట వైపే సుడి తిరిగే చోటికి మాత్రం ఏ కారణం చేతా పడవ తీసుకెళ్లొద్దు, రక్షించడానికి కూడా. అక్కడ గట్టు నుంచి తాడు, 112కి ఫోన్, అంతే.

గట్టు చేరాక

స్పృహ లేకుండా బయటికి తీసుకొచ్చారనుకోండి. తలకిందులుగా వేలాడదీయడం, కాళ్లు పట్టి గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, ఇవన్నీ మన ఊళ్లలో ఇంకా చేస్తున్నారు. ఏదీ చేయకండి. పొట్ట నొక్కితే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు పోతాయి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, మామూలుగా ఊపిరి తీస్తున్నాడా అని పది సెకన్లలోపు చూడండి. తీయట్లేదంటే ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు ఊదండి, ఛాతీ లేస్తోందా అని చూస్తూ. మునిగినవాళ్లకు ముందు కావాల్సింది గాలి, అందుకే ఊదడంతో మొదలు. తర్వాత ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కండి, మళ్లీ రెండుసార్లు ఊదండి. 30కి 2 చొప్పున ఆపకుండా. నోట్లోంచి నురగ వస్తూనే ఉంటుంది, తుడుస్తూ కూర్చోవద్దు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి 108కి చేస్తూ నొక్కొచ్చు, పక్కన ఎవరైనా ఉంటే "మీరు, ఎర్ర చొక్కా వేసుకున్నాయన, 108కి చేయండి" అని ఒకరిని వేలు పెట్టి చూపించి చెప్పండి. అందరికీ కలిపి చెప్తే ఎవరూ చేయరు. అంబులెన్స్ వచ్చేదాకా లేదా ఊపిరి తిరిగి వచ్చేదాకా ఆపకండి. ఊపిరి ఆడుతూ స్పృహ లేకపోతే పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, ఊపిరి చూస్తూ ఉండండి.

దీన్ని చదివి నేర్చుకోలేం. మీ ఊళ్లో ఏ ఆసుపత్రిలోనో కాలేజీలోనో సీపీఆర్ (ఇలా ఛాతీ నొక్కి ఊపిరి ఊదడం) నేర్పిస్తున్నారంటే ఒక పూట వెళ్లి బొమ్మ మీద నొక్కి రండి. ఎంత గట్టిగా నొక్కాలో చేతికి తెలియాలి. పడవ ఎక్కించడం కూడా అంతే. లోతు తెలిసిన చోట ఇద్దరూ మారి మారి పడండి, మారి మారి రక్షించండి. సులువుగా వచ్చేసింది అనుకున్నాక అలసిపోయి ఉన్నప్పుడు ఒకసారి చేయండి, గాలి ఉన్నప్పుడు ఒకసారి. ఎప్పుడూ మొగుడే పెళ్లాన్ని, పెద్దవాడే చిన్నవాడిని ఎక్కించేలా ప్రాక్టీస్ చేస్తే చాలదు, నిజంగా పడేది ఎవరో ముందు తెలియదు కదా.

నీళ్లు మింగి, దగ్గి, కుదుటపడినవాడి విషయంలో కూడా ఒక మాట. ఐదు నిమిషాల తర్వాత "ఏం కాలేదు మచ్చా, పద" అంటాడు, నవ్వుతాడు. తడి బట్టలు మార్పించి, గాలికి దూరంగా కూర్చోబెట్టి, కాసేపు చూడండి. వేసవిలో కూడా తడి ఒంటికి గాలి తగిలితే వణుకు వస్తుంది. తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ అతనికి ఇవ్వకండి, ఎంత బాగున్నానన్నా సరే. నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా వచ్చే దారంతా పక్క సీట్లో కూర్చోబెట్టి మాట్లాడిస్తూ ఉండండి. దగ్గు ఆగకపోయినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, ఛాతీ పట్టేసినట్టుందన్నా, మాటకు బదులివ్వకుండా మగతగా తూగుతున్నా, ఇంటికి పోయి చూద్దాం అనుకోకండి, దారిలో ముందు ఏ ఊరి ఆసుపత్రి వస్తే అక్కడ ఆపి, నీళ్లలో మునిగాడని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. బాగానే ఉన్నా ఆ రాత్రి ఒక్కణ్ణే గదిలో పడుకోనివ్వకుండా, జరిగింది ఇంట్లోవాళ్లకు చెప్పి రండి, తిడతారని దాచకండి.